బాలింత మంచం పక్కన

హిజ్రీ 10వ సంవత్సరం. దైవప్రవక్త (స) హజ్ కోసం మదీనా నుండి బయలుదేరారు. పొలిమేరలోని జుల్‌హులైఫాలో విడిది చేసినప్పుడు హజ్రత్ అబూబకర్ (రజి) గారి భార్య అస్మా బిన్తె ఉమైస్ (రజి) ప్రసవించారు. ఇప్పుడు తానేం చేయాలని ఆమె దైవప్రవక్త (స)కు కబురు పంపారు. స్నానం చేసి, గుడ్డ బిగించి కట్టుకుని, ఇహ్రామ్ సంకల్పం చేసుకోమని ఆయన జవాబిచ్చారు. ఆమెను మైల అని దూరం పెట్టలేదు. వెనక్కి పంపనూ లేదు. యాత్రలో ఆమె చోటు ఆమెకే ఉంది. కాబా ప్రదక్షిణ ఒక్కటే శుద్ధి పొందేవరకు ఆగాలి.

బాలింతల సంగతి వచ్చినప్పుడల్లా మనం ఈ సంఘటనను గుర్తు చేసుకోవాలి. ఎందుకంటే మన ఇళ్ళలో నేటికీ బాలింత చేతి నీళ్ళు తాగనివారు, ఆమె గిన్నె వేరుగా పెట్టేవారు ఉన్నారు. ఇది ఇస్లాం నేర్పింది కాదు, చుట్టుపక్కల ఆచారాల నుండి మనలోకి వచ్చి చేరింది.

జహనుమా, ఫలక్‌నుమా గల్లీలలో ఒకప్పుడు దాయీ ఇంటికి వచ్చి పురుడు పోసేది. ఇప్పుడు శాలిబండ, చార్మినారు మీదుగా పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికో, దగ్గరలోని నర్సింగ్ హోమ్‌కో వెళ్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి నూరు కాన్పులలో దాదాపు 97 ఆసుపత్రులలోనే జరిగాయి. 60కి పైగా సిజేరియన్లు. అంటే తల్లి అయిన మొదటి రోజులు మన ఆడపడుచులకు వార్డులోనే గడుస్తున్నాయి. పేగు తెంచుకుని ఒక ప్రాణాన్ని లోకానికిచ్చిన స్త్రీ ఆ రోజుల్లో ఏం చూస్తోంది, ఏం వింటోంది అని అడిగేవారు తక్కువ.

అడిగితే వాళ్ళు చెప్పే మాటలు పెద్దవేమీ కావు. రాత్రి కుట్లు నొప్పి పెడుతుంటే లేవదీసేవారు లేరని. పాలు పడలేదని పక్క మంచం ముసలమ్మ పెదవి విరిచిందని. నర్సు తెలుగులో చెప్పింది అర్థం కాలేదని, ఉర్దూలో మళ్ళీ అడగడానికి భయం వేసిందని. చూడవచ్చిన బంధువులు బిడ్డ ఆడపిల్లని తెలిసి ‘పర్వాలేదులే’ అన్నారని. ఆ ‘పర్వాలేదులే’ అన్న మాట ఎంత లోతుగా దిగుతుందో అన్నవారికి తెలియదు. సూరా షూరా చివరి ఆయతులలో అల్లాహ్ తాను సంతానాన్ని ప్రసాదించే తీరు చెబుతూ ఆడపిల్లలనే ముందుగా పేర్కొన్నాడు. ఆడపిల్ల పుట్టిందన్న వార్తకు ముఖం నల్లబరచుకునే అజ్ఞానకాలపు మనుషులను సూరా నహ్ల్‌లో గర్హించాడు. మిఠాయి పంచేటప్పుడు తేడా చూపేవారు ఆ ఆయతులను ఒక్కసారి తీసి చదవాలి.

సూరా మర్యమ్‌లో హజ్రత్ మర్యమ్ (అలైహ) కాన్పు ప్రస్తావన ఉంది. నొప్పులు ఆమెను ఖర్జూరపు మాను దగ్గరకు చేర్చాయి. ఇంతకుముందే చనిపోయి ఉంటే బాగుండేదని ఆమె అనుకున్నారు. గమనించండి, అంతటి పుణ్యవతి నోటి వెంట ఆ మాట వచ్చింది. అందుకు ఆమెకు మందలింపు రాలేదు. దుఃఖించవద్దన్న ఊరట వచ్చింది. కాళ్ళ దగ్గర నీటి ఊట, తినడానికి తాజా ఖర్జూరాలు వచ్చాయి. మనుషులెవరైనా కనిపిస్తే ఈ రోజు మాట్లాడనని మొక్కుకున్నట్టు తెలపమన్న ఆదేశమూ వచ్చింది. ఆ రోజు లోకానికి జవాబు చెప్పుకునే భారం ఆమె మీద నుండి తొలగిపోయింది. మన బాలింత మాత్రం వార్డులో పడుకునే ‘ఆపరేషన్ ఎందుకైంది, నొప్పులు ఓర్చుకోలేకపోయావా’ అన్న ప్రశ్నలకు జవాబు చెబుతూ ఉంటుంది. పరామర్శ మంచి పనే. ఐదు నిమిషాలు కూర్చుని, దుఆ చేసి లేవడం ఇంకా మంచిది.

ఇక తొందర విషయం. ఇంటి దగ్గర పెద్ద పిల్లలు ఉన్నారని, ఆసుపత్రిలో ఉండలేమని కాన్పు అయిన పూటే తల్లిని తీసుకుపోతామనేవారు ఉన్నారు. కాన్పు తర్వాత అధిక రక్తస్రావం వల్ల సంభవించే మరణాలు ఎక్కువగా మొదటి 24 గంటలలోనే జరుగుతాయి. అందుకే మామూలు కాన్పు అయినా కనీసం 48 గంటలు ఆసుపత్రిలో ఉంచాలని మన ప్రభుత్వ నియమం. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం ఉచితం. భోజనం మామూలు కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజులు ఉచితం. ఇంటికి చేర్చే వాహనమూ అందులోదే. ఇది దానం కాదు, తల్లి హక్కు. కాన్పులో మరణించిన స్త్రీకి షహీద్ పుణ్యం లభిస్తుందని హదీసులో ఉంది. అది మిగిలినవారికి ఊరట. నిర్లక్ష్యం చేసినవారికి సాకు కాదు. స్వహస్తాలతో వినాశనంలో పడవద్దని సూరా బఖరా హెచ్చరించింది.

ప్రసూతి రక్తస్రావాన్ని నిఫాస్ అంటారు. ఇందులో మన స్త్రీలు చాలామంది ఒక పొరపాటు చేస్తారు, ‘చిల్లా’ పూర్తయ్యేదాకా నమాజు లేదనుకుంటారు. దైవప్రవక్త (స) కాలంలో బాలింతలు 40 రోజులు ఆగేవారని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) తెలిపారు. హనఫీ పండితుల దృష్టిలో అది గరిష్ఠ హద్దు. షాఫియీలు 60 రోజుల దాకా అన్నారు. కనిష్ఠ హద్దు లేదు. రక్తం 20వ రోజున ఆగిపోతే ఆ రోజే గుసుల్ చేసి నమాజు మొదలుపెట్టాలి. సిజేరియన్ అయిన తల్లికి స్రావం ఉంటే ఆమెకూ ఇదే నియమం. కుట్లకు నీరు తగలరాదని డాక్టరు చెబితే తయమ్ముమ్ విషయం ఆలిమ్‌ను అడగాలి. నిఫాస్ కాలంలో తప్పిన నమాజులు తిరిగి చేయనక్కరలేదు, రోజాలు మాత్రం తర్వాత పూర్తి చేయాలి. జిక్ర్‌కూ దుఆకూ ఏ అడ్డూ లేదు.

బిడ్డ నోటి దగ్గర మరో పేచీ వస్తుంది. నానీమా తేనె, ఘుట్టీ పట్టుకొస్తారు, నర్సు వద్దంటుంది. ఇంటివాళ్ళు ‘సున్నత్‌ను ఆపుతోంది’ అని నొచ్చుకుంటారు. హదీసులలో వచ్చిన తహనీక్ ఖర్జూరంతో. నమిలి మెత్తగా చేసి అంగిలికి రాయడం, అంతే. అది ఆహారం పెట్టడం కాదు. తేనెలో ఒక రకం సూక్ష్మక్రిమి బీజాలు ఉండవచ్చు. ఏడాదిలోపు పసికందుకు అవి ప్రాణాపాయం తేగలవు. కాబట్టి నర్సు మాట వినాలి. మొదటి గంటలో తల్లి ముర్రుపాలు పట్టాలి. ఆ పసుపు పాలను ‘చెడ్డపాలు’ అని పిండి పారబోయడం బిడ్డకు అన్యాయం.

మగవారి సంగతి. వార్డు లోపలికి రానివ్వరు కదా అని భర్త గేటు దగ్గర టీ తాగుతూ నిలబడితే సరిపోదు. తల్లి తిండి, బట్ట తండ్రి బాధ్యత అని పాలిచ్చే తల్లుల విషయంలో సూరా బఖరా 233వ ఆయతు స్పష్టంగా చెప్పింది. కాన్పు సమయంలో తోడుగా ఒక స్త్రీ ఉండవచ్చని 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. కాన్పు అనుభవం ఉన్న, గొంతెత్తని మనిషిని ఆ తోడుకు ఎంచుకోవాలి. హరీరా, అచ్వానీ ఎవరు వండి తెస్తారో, ఇంట్లో పెద్ద పిల్లలను ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకోవాలి. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. గేటు దాటకముందే నర్సుతో చదివించుకుని, ఏ మందు ఎన్ని రోజులో, మళ్ళీ ఎప్పుడు రావాలో ఉర్దూలోనో తెలుగులోనో రాసుకోవాలి. ఇంటికి వచ్చాక గంటలోపే గుడ్డ తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడినా, జ్వరం వచ్చినా, తలనొప్పితో చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, చిల్లా అని ఆగకుండా ఆ రాత్రే 108కి ఫోన్ చేయాలి.