మొదటి రైఫిల్ నీ భుజానికి కుదరాలి చెల్లీ

మల్టీగన్ మ్యాచ్ చూసొచ్చిన దగ్గర్నుంచి నీ మనసంతా అక్కడే ఉందని నాకు తెలుసు చెల్లీ. పిస్టల్‌తో మొదలుపెట్టి, దాన్ని డబ్బాలో పెట్టి పరిగెత్తి, షాట్‌గన్ అందుకుని, ఆఖర్న రైఫిల్‌తో ఎక్కడో దూరాన ఉన్న ఇనప పలకని టంగుమనిపించడం, ఇదంతా టైమర్ మీద నడిచే ఆట. చూశాక చేతులు ఊరుకోవు. ఇంటికొచ్చి యూట్యూబ్ తెరుస్తావు, మీ ఆయన ఆఫీసువాళ్లని అడుగుతావు, గన్ షాపులో కౌంటర్ దగ్గర నిలబడతావు. తలా ఒకటి చెబుతారు. ఎవరూ నీ భుజం కొలత అడగరు, నీ చేతుల బలం అడగరు. నాకు బాధగా ఉండేది అక్కడే. అందుకే ఈ నెల ముచ్చట్లన్నీ దీని గురించే పెట్టాను.

మొట్టమొదట వీసా సంగతి తేల్చుకుందాం. అమెరికాలో హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. కొనడం ఒక్కటే కాదమ్మా, రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చినా అది దగ్గర ఉంచుకున్నట్టే లెక్క. వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. కానీ దాన్ని నమ్ముకుని అడుగు వేసే ముందు ఇమిగ్రేషన్ లాయర్ దగ్గర కూచుని మాట్లాడు. గ్రీన్ కార్డ్ వచ్చాక ఈ ఆంక్ష ఉండదు. షాపులో 4473 నంబరు ఫారం నింపాలి, నేపథ్య తనిఖీ అవుతుంది, అంతే. "మా ఆయన పేరు మీద తీసుకుంటే పోదా అక్కా?" అని అడిగేవాళ్లున్నారు. వద్దు తల్లీ. నీ డబ్బుతో, నీ కోసం, ఇంకొకరు తమకే అన్నట్టు ఆ ఫారం మీద సంతకం పెట్టడం నేరం. మీ ఆయనకి కార్డు వచ్చి నీకింకా రాకపోతే, ఆయన తుపాకీ నీ చేతికి అందేచోట ఉండటమే ప్రమాదం. ఏళ్ల తరబడి కార్డు కోసం కాచుకున్న ఇల్లు ఒక్క శనివారం సరదాకి చిక్కుల్లో పడకూడదు. రాష్ట్రం చట్టం కూడా చూసుకో. టెక్సస్‌లో దొరికే రైఫిల్ కాలిఫోర్నియాలో అదే రూపంలో దొరకదు, అక్కడ మ్యాగజైన్‌కి పది రౌండ్లే. ఇల్లినాయ్, వాషింగ్టన్ రాష్ట్రాలు 2023లో ఈ ఆటలో వాడే ఏఆర్-15 తరహా రైఫిళ్ల అమ్మకమే ఆపేశాయి.

ఇక ఆట గురించి. మల్టీగన్‌లో డివిజన్లుంటాయి. నిర్వాహకుల్ని బట్టి పేర్లు, నియమాలు కాస్త మారతాయి గానీ మూలం ఒకటే. ఓపెన్‌లో దాదాపు ఏ హంగైనా బిగించుకోవచ్చు. టాక్టికల్‌లో రైఫిల్ మీద పెద్దది చేసి చూపించే స్కోప్ ఒక్కటి ఉండొచ్చు. లిమిటెడ్‌లో పెద్దది చెయ్యని రెడ్ డాట్ లాంటిదే పెట్టుకోవచ్చు. హెవీ మెటల్ అంటే .308 రైఫిలూ, పంప్ షాట్‌గనూ మోసే మొనగాళ్ల లోకం. నువ్వు టాక్టికల్‌తో మొదలుపెట్టు. ఎక్కువమంది అందులోనే ఉంటారు, అడిగితే చెప్పేవాళ్లు, అవసరానికి మ్యాగజైన్ అరువిచ్చేవాళ్లు దొరుకుతారు. రైఫిల్ అంటే ఏఆర్-15 తరహాదే. భాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, తర్వాత ఒక్కొక్కటీ మార్చుకోవచ్చు, పాడైతే పక్క టేబుల్ వాళ్ల సంచీలోనే స్ప్రింగు ఉంటుంది. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

అసలు సంగతి ఇక్కడుంది, జాగ్రత్తగా విను. షాపులో రైఫిల్ చేతికిచ్చినప్పుడు ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో వాళ్లు చూపిస్తారు. అయినా నువ్వూ కంటితో చూడు, వేలు పెట్టి చూడు. గురి ఎటు పెట్టాలో అడుగు. కాళ్లు ఎడంగా పెట్టి, కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తుకో. కళ్లు తెరువు. సైట్ నేరుగా కంటి ముందుంటే సరే. మెడ వంచి వెతుక్కోవాల్సి వస్తే భుజానికి ఆనే స్టాక్ పొడవో, చెంప ఆనే ఎత్తో నీకు కుదరలేదు. అలాగే పట్టుకుని నిమిషం నిలబడు. నడుము వెనక్కి వంగిపోతోందా? భుజాలు తుంటికి వెనకగా పోతున్నాయా? ముందుభాగం బరువెక్కువైందన్నమాట. మన ఆడవాళ్లలో చాలామందికి ఇదే జరుగుతుంది. బరువుకి ఎదురుగా ఒళ్లు తనంతట తనే వెనక్కి వాలుతుంది. అలా వాలి కాలిస్తే ప్రతి గుండుకీ మజిల్, అంటే బ్యారెల్ మొన, పైకి లేస్తుంది, రెండో గుండుకి సైట్ తిరిగి చోటుకి రావడం ఆలస్యమవుతుంది. చూసేవాళ్లు "అమ్మాయి కదా, తట్టుకోలేకపోతోంది" అంటారు. నీ తప్పేం లేదమ్మా. ఆ రైఫిల్ ఆరడుగుల మనిషి కోసం అమర్చినది.

అందుకే పొడవు మార్చుకునే స్టాక్ ఉన్నదే తీసుకో. ముడుచుకుంటే నీ మోచెయ్యి హాయిగా వంగాలి, ముక్కు బొటనవేలికి గుద్దుకోకూడదు. చలికాలం కోటు వేసుకున్న రోజు మరో మెట్టు లోపలికి తోసుకోవచ్చు. హ్యాండ్‌గార్డ్ పొడవుగా, సన్నగా, బ్యారెల్‌ని తాకకుండా బిగించినదై ఉండాలి. ఎడమచెయ్యి ముందుకి చాచి పట్టుకుంటావు కదా, కాలుతున్న బ్యారెల్ తగలకూడదు. అరచేతికి సరిపోని లావు గ్రిప్ ఉంటే మార్చెయ్యి, అది చవకే.

బ్యారెల్ పదహారు అంగుళాలా, పద్దెనిమిదా అన్నది పెద్ద చర్చ. పదహారుకి తక్కువైతే విడిగా ఫెడరల్ రిజిస్ట్రేషన్ చేయించాలి, మొదటి రైఫిల్‌కి ఆ తలనొప్పి వద్దు. పద్దెనిమిది పాత మల్టీగన్ ఆటగాళ్లకి ఇష్టం. ఎందుకంటే అందులో గ్యాస్ గొట్టం పొడవుగా పెట్టొచ్చు. గుండు పేలినప్పుడు పుట్టిన గ్యాసే రైఫిల్ లోపలి బోల్ట్‌ని వెనక్కి తోస్తుంది. ఆ గ్యాస్, ఛాంబర్‌కి దూరంగా బయటికొస్తే ఒత్తిడి తగ్గి, తోపు మెత్తగా ఉంటుంది. పదహారులో కూడా మిడ్-లెంగ్త్ గ్యాస్ అని అడిగి తీసుకుంటే ఆ మెత్తదనం చాలావరకు వస్తుంది, ముందు బరువూ తగ్గుతుంది. పొట్టిగా, సన్నగా ఉన్న అమ్మాయికి నేను పదహారు అంగుళాలు, మిడ్-లెంగ్త్, సన్నపాటి బ్యారెల్ అనే చెబుతాను. మరీ పెన్సిల్‌లా ఉన్నది వద్దు, వేడెక్కితే గుళ్లు పడే చోటు జరుగుతుంది. రూగర్ వాళ్ల ఏఆర్-556లో ఎంపీఆర్ అనే రకం వెయ్యి డాలర్ల లోపు కనబడుతుంటుంది. అది పద్దెనిమిది అంగుళాల బ్యారెల్, పొడవు హ్యాండ్‌గార్డ్, మజిల్ బ్రేక్‌తో వస్తుంది. భుజబలం ఉన్న అమ్మాయి అయితే దాన్ని ఎత్తి చూడొచ్చు. మజిల్ బ్రేక్ గుండు తోపు తగ్గిస్తుంది గానీ చెవులు చిల్లులు పడేంత మోత. లోపల ప్లగ్గులు, పైన మఫ్స్, రెండూ పెట్టుకో.

బ్యారెల్ మీద చెక్కిన అక్షరాలు చదువు. 5.56 నాటో గానీ .223 వైల్డ్ గానీ ఉంటే రెండు రకాల తూటాలూ వాడొచ్చు. .223 రెమింగ్టన్ అని మాత్రమే ఉంటే అందులో 5.56 కాల్చకూడదు, ఒత్తిడి హద్దు మీరుతుంది. బ్యారెల్ లోపలి గాడుల మెలిక ఎనిమిదంగుళాలకొకటి ఉంటే 55 గ్రెయిన్ల చవక తూటా దగ్గర్నుంచి 77 గ్రెయిన్ల దూరం తూటా దాకా అన్నీ కుదురుతాయి. మ్యాచ్‌కి ముందు తూటా మొనకి అయస్కాంతం ఆనించి చూడు. అంటుకుంటే పక్కన పెట్టెయ్యి. లోపలో పైనో ఉక్కు ఉన్నవి ఇనప పలకల్ని గుంటలు పెడతాయి, నిప్పురవ్వలకి ఎండుగడ్డి అంటుకుంటుంది. చాలా మ్యాచుల్లో వాటిని తెచ్చినవాళ్లని ఆడనివ్వరు.

సేఫ్టీ మీట గురించి ఎవరూ తీరిగ్గా చెప్పరు, నేను చెబుతాను. స్టేజ్ మధ్యలో రైఫిల్ వదిలి వేరే తుపాకీ అందుకోవాలంటే దాన్ని డంప్ బ్యారెల్ అనే డబ్బాలో పెట్టాలి. పెట్టేటప్పుడు సేఫ్టీ వేసి ఉండాలి, లేదా పూర్తిగా ఖాళీ అయి ఉండాలి. అలా లేకపోతే చాలా మ్యాచుల్లో డీక్యూ, ఆ రోజు ఆట అయిపోయినట్టే. ఏఆర్‌లో ఒక కిటుకుంది. లోపలి సుత్తి ఎక్కుపెట్టి ఉంటేనే సేఫ్టీ మీట తిరుగుతుంది. మ్యాగజైన్ ఖాళీ అయి బోల్ట్ వెనక ఆగితే సుత్తి ఎక్కుపెట్టే ఉంటుంది, మీట తిరుగుతుంది. కానీ తూటా పేలకుండా 'క్లిక్' అని ఊరుకుంటే సుత్తి పడిపోయింది, మీట ఎంత నొక్కినా కదలదు. హడావిడిలో నొక్కేశాననుకుని డబ్బాలో పెట్టేస్తారు. ఛార్జింగ్ హ్యాండిల్ ఒకసారి లాగితేనే మళ్లీ తిరుగుతుంది. అందుకే కొనేటప్పుడు మీట నీ బొటనవేలికి గ్రిప్ వదలకుండా అందుతోందో లేదో చూడు. అందకపోతే పొడుగు మీట వేయించు. ఎడంచేతివాటం అయితే రెండువైపులా ఉన్నది తప్పనిసరి. మజిల్ ఎప్పుడూ ముందువైపే, ఎటు తిరిగినా 180 డిగ్రీల గీత దాటకూడదు. పరిగెత్తేటప్పుడు వేలు ట్రిగ్గర్ బయటే.

ట్రిగ్గర్ సంగతి తొందరలేదు. ఫ్యాక్టరీది కాస్త గరుకుగా, బరువుగా ఉంటుంది, ఓ సీజన్ ఆడాక మార్చుకో.

డబ్బు పెట్టాల్సింది స్కోప్ మీద. 1-6 అని రాసి ఉన్నది తీసుకో. ఒకటి దగ్గర పెడితే రెండు కళ్లూ తెరిచి దగ్గరి కాగితం టార్గెట్లు కొట్టొచ్చు, ఆరుకి తిప్పితే రెండు మూడొందల గజాల పలక కనబడుతుంది. వెలుగు చుక్క పట్టపగలు కూడా కనబడాలి, ఎండలో తీసుకెళ్లి చూడనివ్వమని అడుగు. స్కోప్ బిగించేముందు స్టాక్‌ని నీ పొడవుకి పెట్టుకో. కన్ను స్కోప్‌కి ఉండాల్సిన దూరం దాన్ని బట్టే వస్తుంది. మీ ఆయన పొడవుకి బిగించిన స్కోప్‌లో నీకు నల్లటి వలయమే కనబడుతుంది.

గురి యాభై గజాల దగ్గర సరిచెయ్యి. వంద గజాల దగ్గర గుండు ఒకటిన్నర, రెండంగుళాలు పైన పడుతుంది, రెండొందల దగ్గర దాదాపు చుక్క మీదికే వస్తుంది. కానీ మరీ దగ్గరగా, అయిదారు గజాల్లో, స్కోప్ బ్యారెల్‌కి రెండున్నర అంగుళాలకి పైన ఉంటుంది కాబట్టి గుండు దాదాపు అంత కిందికి పడుతుంది. కొట్టకూడని తెల్లటి 'నో-షూట్' కాగితం టార్గెట్ తలకాయ కిందే పెడతారు చూడు, కొత్తవాళ్లు అక్కడే దెబ్బతింటారు. అట్టముక్క మీద దగ్గర నుంచి కాల్చి, గుండు ఎంత కింద పడుతోందో నీ కళ్లతో చూసుకో.

రైఫిల్‌కే చేతిలో డబ్బంతా పోసెయ్యకు. 5.56 తూటాలు వెయ్యి తెచ్చుకుంటే సుమారు అయిదొందల డాలర్లు. నెలకో మ్యాచ్, మధ్యలో సాధన అంటే అవి చూస్తూండగానే అయిపోతాయి. మెరిసే రైఫిల్ కొని తూటాలకి చేతులు ముడుచుకున్న అమ్మాయి కంటే, మామూలు రైఫిల్‌తో ప్రతి వారం కాల్చే అమ్మాయే ముందుంటుంది. ఇది నేను గట్టిగా నమ్మిన మాట. కొన్నాక నూనె బాగా రాసి, నీ మ్యాగజైన్లు అన్నిటితోనూ కొన్ని వందలు కాల్చాకే మ్యాచ్‌కి తీసుకెళ్లు. ఏ మ్యాగజైన్ దగ్గర అడ్డుపడితే దాని మీద గుర్తు పెట్టు.

పిల్లలున్న ఇల్లు కదా. టెక్సస్‌లో పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి తూటా నిండిన తుపాకీ మన అజాగ్రత్త వల్ల చిక్కితే నేరం. చట్టం లేకపోయినా మనకి తెలీదా? రైఫిల్ కంటే ముందు సేఫ్ ఇంటికి రావాలి. తూటాలు వేరే తాళంలో. తాళంచెవి చీరల బీరువాలో, పోపులడబ్బా వెనకాల పెట్టొద్దు. పిల్లలకి తెలియని చోటు మన ఇళ్లల్లో లేదు.

ఒంటరిగా వెళ్లడానికి బెరుకుగా ఉంటే ఆడవాళ్ల క్లబ్బులున్నాయి. 'ఎ గర్ల్ అండ్ ఎ గన్' అని 2011లో టెక్సస్‌లోనే మొదలైంది, ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో శాఖలున్నాయి. లీనా మిక్యులెక్ కాల్చే వీడియోలు చూడు. మల్టీగన్‌లో ఆడవాళ్ల విభాగంలో ఎన్నో టైటిళ్లు గెలిచిన మనిషి. చేతులకంటే ముందు ఆవిడ పాదాలు చూడు. బరువంతా ముందుపాదం మీదే ఉంటుంది, వీపు ఎక్కడా వెనక్కి వాలదు.

కొనే ముందు ఒక మ్యాచ్‌కి తుపాకీ లేకుండా వెళ్లు. పలకలకి రంగు వెయ్యడానికి, కాగితం టార్గెట్లకి అతుకులు పెట్టడానికి మనుషులు ఎప్పుడూ తక్కువే, సాయం చేస్తానంటే ఎవరూ కాదనరు. మధ్యాహ్నం అందరూ సర్దుకునే వేళ, నీ ఎత్తే ఉన్న ఆవిడ ఎవరన్నా ఉంటే దగ్గరికెళ్లి, రేంజ్ ఆఫీసర్ అనుమతితో సేఫ్టీ టేబుల్ దగ్గర ఆవిడ రైఫిల్ ఒకసారి భుజానికెత్తి చూడనివ్వమని అడుగు. స్టాక్ ఏ మెట్టులో పెట్టుకుందో, స్కోప్ ఎంత వెనక్కి బిగించిందో కాగితం మీద రాసుకో. ఆ కాగితం పట్టుకుని షాపుకి వెళ్లు.