పెద్దల కాగితం మీద సంతకం పెట్టకు

భావనపాడు

చిట్టీ,

ఈ ఉత్తరం మీ తమ్ముడి చేతికిచ్చి పంపుతున్నాను. చదివి వాడికే ఇచ్చెయ్, ఆ ఇంట్లో ఉంచకు.

మీ ఆయన వేరావల్ బోటు దిగి ఇంటికొచ్చిన ప్రతిసారీ నీ ఒంటి మీద వాతలే. తెగదెంపులకి కుల పెద్దలు మళ్లీ కూర్చుంటారట. కూర్చోనీ. వాళ్లు రాసిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టకు. భరణం వద్దన్నానని, బంగారం వదులుకున్నానని అందులో ఒక ముక్క రాసేస్తే రేపు దాన్నే నీ ముందు పెడతారు. కులాచారం ప్రకారం తెగదెంపులను హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కాదనదు. కానీ ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు కాకపోతే నువ్వింకా అతని భార్యవే. కోర్టు ఇచ్చిన విడాకుల డిక్రీ చేతిలో ఉంటే ఆ బెంగ లేదు.

విడాకుల సంగతి ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదమ్మా. ముందు దెబ్బలు ఆగాలి. 2005 నాటి గృహహింస చట్టం ఉన్నదే అందుకు. నువ్వు మా ఇంట్లో తలదాచుకున్నా చాలు, మా వైపు మేజిస్ట్రేటు కోర్టులోనే అర్జీ పెట్టొచ్చు, మీ అత్తారి బారువ వైపు తిరగక్కర్లేదు. అతను నీ జోలికి రాకూడదని, ఖర్చులివ్వాలని, పాప నీ దగ్గరే ఉండాలని, నీ బంగారం నీకివ్వాలని ఆ ఒక్క అర్జీలోనే అడగొచ్చు. 60 రోజుల్లో తేల్చడానికి చూడాలని చట్టంలో ఉంది గానీ, అంతకు మించే పడుతుంది. అందుకే మధ్యంతర ఉత్తర్వు మొదటి రోజే అడగాలి. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు. మొగుణ్ణి జైల్లో పెట్టిస్తావా అని మీ అత్త ఏడుస్తుంది. అతను ఉత్తర్వు మీరకుండా ఉంటే ఆ మాటే రాదని చెప్పు. క్రూరత్వం కేసు, భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్, వేరే దారి. అది పెట్టాలో వద్దో నీ ఇష్టం.

భరణం అర్జీ పెట్టిన తేదీ నుంచే లెక్కకట్టాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఆలస్యం చేసిన ప్రతి నెలా నీకే నష్టం. వకీలు ఫీజుకి భయపడకు, ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకి న్యాయ సేవల సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది. 15100కి ఫోన్ చెయ్యి.

ఈసారి దెబ్బ తగిలితే ఆసుపత్రిలో జారిపడ్డానని చెప్పకు. ఎవరు కొట్టారో డాక్టరుతో రాయించు. ఆ చీటీ, ఫొటోలు నాకు పంపి నీ ఫోన్లోంచి తీసెయ్.

పరువు అంటారు మీ నాన్న. బావగారితో నేను మాట్లాడతాను. నువ్వు ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, పెళ్లి ఫొటో, పాప పుట్టిన సర్టిఫికెట్ ఒక సంచిలో సర్దుకో. బయల్దేరే రోజు అక్కడ ఎవరికీ చెప్పకు. ఈలోగా రాత్రి గొడవ ముదిరితే 112కి గానీ 181కి గానీ చెయ్యి. టెక్కలి బస్టాండులో దిగు, మీ బాబాయి ఆటోతో అక్కడే ఉంటాడు.

మీ పిన్ని