గోల్ కొట్టనివాడి ఆట

2015 జనవరి 24న లండన్‌లోని స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్ మైదానంలో చెల్సీ మీద ఎఫ్.ఎ. కప్ మ్యాచ్ ఆడటానికి బ్రాడ్‌ఫర్డ్ సిటీ వచ్చింది. చెల్సీ అప్పుడు ప్రీమియర్ లీగ్‌లో మొదటి స్థానంలో ఉంది. బ్రాడ్‌ఫర్డేమో మూడో అంచె జట్టు. నలభై నిమిషాలైనా కాకముందే 2-0తో వెనకబడింది. ఆట ముగిసేసరికి 4-2తో గెలిచింది! గోల్స్ కొట్టిన స్టెడ్, మొరాయిస్, హాలిడే, యేట్స్ ఆ ఊళ్లో హీరోలైపోయారు. రైట్ బ్యాక్‌గా ఆడిన స్టీఫెన్ డార్బీ పేరు స్కోరుబోర్డు ఎక్కలేదు.

ఆ ఉద్యోగమే అలాంటిది. బంతి అవతలి అంచున ఉన్నా సరే, రైట్ బ్యాక్ నాలుగడుగులు లోపలికి జరగాలి. భుజం మీదుగా వెనక్కి చూసి, తన వైపు వింగర్ ఎక్కడ పొంచి ఉన్నాడో కనిపెట్టాలి. పక్కనున్న సెంటర్ బ్యాక్‌తో వరస కలపాలి. చాలాసార్లు బంతి అటు రానే రాదు, టీవీ కెమెరా కూడా రాదు. ఒక్కసారి ఆదమరిస్తే మాత్రం ఆ ఒక్క తప్పునే తిప్పి తిప్పి చూపిస్తారు.

డార్బీ లివర్‌పూల్ కుర్రాడు. సొంత ఊరి క్లబ్ అకాడమీలో పెరిగి, 2006, 2007ల్లో వరసగా యూత్ కప్ గెలిచాడు. పెద్ద జట్టులో దక్కిన మ్యాచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. స్విండన్, నాట్స్ కౌంటీ, రాచ్‌డేల్ జట్లకు అరువు మీద ఆడి, 2012లో బ్రాడ్‌ఫర్డ్ చేరాడు. అప్పటికి నాలుగో అంచెలో ఉన్న ఆ జట్టు ఆ సీజన్‌లోనే ఆర్సెనల్‌ను, ఆస్టన్ విల్లాను ఇంటికి పంపి లీగ్ కప్ ఫైనల్ దాకా పోయింది. ఫైనల్లో స్వాన్సీ చేతిలో 5-0తో ఓడిందనుకోండి. మన వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో ఇలాంటి వాళ్లకు అధ్యాయాలుండవు. పెద్ద క్లబ్ నుంచి కిందికి దిగి, దిగిన చోటే పాతుకుపోయి పనిచేసినవాణ్ని పట్టించుకోకపోవడం ఆ పుస్తకాల లోపమే.

2018 జూన్‌లో డార్బీకి పెళ్లయింది. భార్య స్టెఫ్ హౌటన్ అప్పటి ఇంగ్లండ్ మహిళల జట్టు కెప్టెన్, ఆమె కూడా డిఫెండరే. అదే ఏడాది సెప్టెంబర్‌లో, బోల్టన్‌కు ఆడుతున్న డార్బీ రిటైరవుతున్నట్టు ప్రకటించాడు. వయసు 29. కారణం మోటార్ న్యూరాన్ వ్యాధి.

ఈ జబ్బులో మెదడు, వెన్నుపాముల నుంచి కండరాలకు ఆదేశాలు చేరవేసే నాడీకణాలు క్రమంగా నశిస్తాయి. కొందరికి చొక్కా గుండీ పెట్టుకోబోతే బొటనవేలు మాట వినదు. కొందరికి నడుస్తుంటే పాదం నేలకు తట్టుకుంటుంది. పోనుపోను మాట, మింగడం, చివరికి ఊపిరి. బ్రిటన్ లెక్కల ప్రకారం జబ్బు బయటపడిన ఏడాదిలోపే మూడోవంతు మంది, రెండేళ్లలో సగానికి పైగా చనిపోతారు. 1995 నుంచి వాడుకలో ఉన్న రిలుజోల్ అనే మందు ఆయుష్షును కొన్ని నెలలు పొడిగిస్తుంది, అంతే.

ఇక్కడే మన వ్యక్తిత్వ వికాస వక్తలు శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఫొటో చూపించి, సంకల్పముంటే చావు కూడా వెనక్కి తగ్గుతుందంటారు. హాకింగ్‌కు ఇదే జబ్బు 1963లో బయటపడింది, ఆయన 2018 దాకా బతికాడు. నిజమే. కానీ ఆయనలో జబ్బు చాలా నెమ్మదిగా ముదిరింది, అలా జరగడం అరుదు. ఆయన్ని బతికించింది సంకల్పమే అయితే, రెండేళ్లలో పోయినవాళ్లకు అది లేదనేగా అర్థం? మంచంలో ఉన్నవాడి ముందు ఆ మాట అనగలమా? పరామర్శకు వెళ్లి “నువ్వు ధైర్యంగా ఉంటే అదే తగ్గిపోతుంది” అని చెప్పి వచ్చేవాళ్లది మంచి మనసే కావచ్చు. తగ్గకపోతే తప్పు రోగిదే అన్న భారం మాత్రం ఆ ఇంట్లో వదిలి వస్తారు.

డార్బీ రిటైరైన ఏడాదే, ఇదే జబ్బు బారిన పడిన క్రిస్ రిమ్మర్‌తో కలిసి ‘డార్బీ రిమ్మర్’ పేరుతో ఒక ఫౌండేషన్ పెట్టాడు. రోగుల కుటుంబాలకు సాయం, జబ్బు గురించి ప్రచారం, పరిశోధనకు నిధులు. ఈ మూడోది కాస్త ఆలోచించదగ్గది. ఆ పరిశోధన ఫలించేసరికి తాను ఉంటాడో ఉండడో తెలియని మనిషి దానికి విరాళాలు పోగుచేస్తున్నాడు. బంతి రాకపోయినా నాలుగడుగులు జరిగి నిలబడే అలవాటు ఒకటి ఇక్కడ పనికొచ్చిందేమోనని నా ఊహ. హౌటన్ ఇంట్లో ఇంత జరుగుతున్నా 2024 దాకా ఆడింది. ఇంగ్లండ్ తరఫున 121 మ్యాచ్‌లు పూర్తిచేసింది.

జబ్బుపడిన ఎవరికైనా “నాకే ఎందుకు?” అన్న ప్రశ్న తప్పదు. దానికి జవాబు దొరకదు. అందులోంచి ‘నాకే’ తీసేస్తే మిగిలిన ప్రశ్న మీద మాత్రం పనిచేయొచ్చు. స్కాట్లండ్ మాజీ ఫుట్‌బాల్ ఆటగాళ్లు 7,676 మంది రికార్డులను గ్లాస్గో పరిశోధకులు 2019లో సాధారణ జనంతో పోల్చి చూశారు. మెదడు, నరాలు క్షీణించే జబ్బులతో చనిపోయే ముప్పు ఆటగాళ్లకు మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. 2021లో ఆడే స్థానాల వారీగా చూస్తే, ఇలాంటి జబ్బుల ముప్పు అందరికంటే డిఫెండర్లకే ఎక్కువ, దాదాపు ఐదు రెట్లు. గోల్‌కీపర్లలో అది స్పష్టంగా పెరిగినట్టు కనిపించలేదు. బంతిని తలతో కొట్టడమే కారణమని ఇంకా రుజువు కాలేదు, డార్బీ విషయంలో అసలే చెప్పలేం. అయినా 2020 ఫిబ్రవరిలోనే ఇంగ్లండ్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ ఫుట్‌బాల్ సంఘాలు ప్రైమరీ స్కూలు పిల్లలకు ప్రాక్టీసులో హెడింగ్ నేర్పొద్దని కోచ్‌లకు చెప్పేశాయి.