ఒడ్డున నిలిచిన పడవ

కర్ణాటక నుండి వచ్చే కృష్ణానది పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని తంగడి గ్రామం వద్ద తెలంగాణలో ప్రవేశిస్తుంది. అక్కడి నుండి నల్లగొండ సరిహద్దు దాటే వరకు ఎన్నో రేవులను తాకుతూ సాగుతుంది. మెట్ట పొలాలు, రాతి గుట్టలు, వానకు ఎదురుచూసే చెరువులు గల ఈ నేలలో పడవకు పని ఏముంటుందని కొత్తవారికి తోచవచ్చు. కాని ఏటి ఒడ్డు పల్లెల్లో సంత, జాతర, చుట్టరికం అన్నీ ఆవలి గట్టుతో ముడిపడినవే.

ఈ రేవులలో తరతరాలుగా తిరుగుతున్నది పుట్టి. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, పూర్వం తోలు, తరువాతి కాలంలో టార్పాలిన్ కప్పి, తారు పూసి దీనిని తయారు చేస్తారు. తెడ్డు ఒక్కటే. పని ముగియగానే పుట్టిని ఒడ్డుకు లాగి బోర్లించడం జాలర్ల అలవాటు. అడుగున రాయి గీరిన చోటు వెంటనే కంటబడుతుంది. లోపలి వెదురు ఆరుతుంది. పడవ సంరక్షణకు సంబంధించిన మొదటి పాఠం ఈ బోర్లించిన పుట్టి దగ్గరే ఉంది.

2007 జనవరిలో మహబూబ్‌నగర్ జిల్లాలో, కృష్ణానదిపై పడవ మునిగి అరవై మంది వరకు ప్రాణాలు కోల్పోయారు. సోమశిల, సిద్ధేశ్వరం గ్రామాల మధ్య వంతెన కావాలని ప్రజలు కోరిన ప్రతిసారీ ఆ దుర్ఘటన ప్రస్తావనకు వచ్చేది. ఆ వంతెనకు కేంద్ర ప్రభుత్వం 2022లో ఆమోదం తెలిపింది. అయితే వంతెన దాటే మనిషికి కావలసినది ఒకటి, నీటి మీద ఉన్న మనిషికి కావలసినది మరొకటి. పడవ బోల్తాపడిన క్షణాన, దగ్గరలో మరొక పడవ సిద్ధంగా ఉందా లేదా అన్నదే ప్రశ్న. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద పర్యాటకుల బోటు మునిగినప్పుడు, ప్రాణాలతో బయటపడిన వారిని నాటు పడవలలో వెళ్లి ఒడ్డుకు చేర్చినవారు సమీపంలోని తూటుగుంట గ్రామస్థులు. వారెవరూ రక్షణ సిబ్బంది కారు. పడవలు చేతికి అందే చోట ఉన్నాయి, అంతే.

తెరచాప పడవల క్రీడలో ఈ సిద్ధత యాదృచ్ఛికం కాదు, నియమం. హైదరాబాదులోని హుస్సేన్‌సాగర్‌లో ఏటా వానాకాలంలో ఈ పోటీలు జరుగుతాయి. 2009లో స్థాపించబడిన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల బాలబాలికలకు కూడా ఈ విద్య నేర్పుతున్నది. పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ పడవ పొడవు ఎనిమిది అడుగులు కూడా ఉండదు. గాలి ఒక్కసారి విసిరితే అది పక్కకు ఒరిగి పడిపోతుంది. పడిపోవడం ఆ క్రీడలో భాగమే. అందుకే పోటీ జరిగినంతసేపూ మోటారు అమర్చిన రక్షక పడవ వారి చుట్టూ తిరుగుతూ ఉంటుంది.

చాలాచోట్ల వాడే రక్షక పడవకు ఇరువైపులా గాలి నింపిన లావుపాటి గొట్టాలుంటాయి. అవి లోపల వేర్వేరు గదులుగా విభజింపబడి ఉంటాయి గనుక ఒకటి చిల్లుపడినా పడవ తేలుతుంది. ఉదయం నిండుగా గాలి కొట్టి మన వేసవి ఎండలో వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి అతుకులు విడిపోవచ్చు. కొంత గాలి తీసి, నీడన ఉంచి, గుడ్డ కప్పాలి. ఇంజన్‌ను చల్లబరిచేది చెరువు నీరే. గుర్రపుడెక్క వేళ్లు, ప్లాస్టిక్ సంచులు ఆ నీటి దారిని మూసివేస్తే ఇంజన్ నిమిషాలలో వేడెక్కుతుంది. కాబట్టి ఇంజన్ నడుస్తున్నప్పుడు దాని వెనుక నుండి సన్నని నీటి ధార వస్తున్నదో లేదో చూడాలి. ఒడ్డుకు వచ్చాక మంచినీటితో కడగాలి. నడిపేవాని కాలికి కట్టే చిన్న తాడు మరీ ముఖ్యమైనది. అతడు జారి నీటిలో పడితే ఆ తాడు ఊడి ఇంజన్ ఆగుతుంది. ఆగకపోతే, రక్షించవలసిన పడవే పంకాతో ప్రాణం తీయగలదు. ఇంత చిన్న తాడును కొందరు అడ్డమనుకొని కొక్కేనికి తగిలించి మరచిపోవడం విచిత్రం.

పడవను నీటిలోకి దించే ట్రాలీని ఎవరూ పట్టించుకోరు. రోడ్డు మీద చాలా దూరం లాగి తెచ్చిన ట్రాలీ చక్రాల బేరింగులు వేడిగా ఉంటాయి. వెంటనే చల్లని నీటిలో దించితే లోపలి గాలి కుంచించుకొని నీటిని పీల్చుకుంటుంది. గ్రీజు పాడై, కొద్ది రోజులకే తుప్పు పడుతుంది. ఆపదవేళ చక్రం కదలదు. చల్లారేదాకా ఆగడమే దీనికి మందు.

నల్లగొండ వైపు నాగార్జునసాగర్ జలాశయంలో మరొక చిక్కు ఉంది. జలాశయం నిండితే నీటిమట్టం 590 అడుగులు. సాగునీటికి వదిలేకొద్దీ అది 510 అడుగుల వరకు దిగవచ్చు. ఎనభై అడుగుల తేడా! నిన్న పడవ దించిన చోట నేడు బురద ఉంటుంది, రేపు రాళ్లు తేలుతాయి. సోమశిల వద్ద శ్రీశైలం జలాశయపు నీరు తగ్గినప్పుడు, ఎదుటి గట్టు వైపు మునిగి ఉండే సంగమేశ్వరాలయమే బయటపడుతుంది. నీరు తగ్గుతున్న రోజులలో పడవ దింపే చోటును ప్రతి ఉదయం నడిచి చూడాలి.

లైఫ్ జాకెట్ల సంగతి జనానికి తెలిసినదే. పల్లెలలో ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకొని బావిలో ఈత నేర్చిన వారికి దాని సూత్రం వేరే చెప్పనక్కరలేదు. అయితే పీటలుగా వేసుకొని కూర్చుంటే జాకెట్ లోపలి స్పాంజి అణగారి తేలే శక్తి తగ్గుతుంది. ఎండకు గుడ్డ పెళుసవుతుంది.

శిక్షణ ఉన్న రోజున రక్షక పడవ అన్నిటికంటె ముందు నీటిలో దిగుతుంది, అన్నిటికంటె చివర ఒడ్డెక్కుతుంది. వెళ్లిన పడవలు, తిరిగి వచ్చిన పడవలు పుస్తకంలో సరిపోల్చుకున్నాకే దానిని ట్రాలీ మీదికి లాగుతారు. వెనుకనున్న బిరడా తీసి, లోపలి నీరు కారిపోనిచ్చి, ఆ బిరడాను నడిపేవాడు తప్పక చేయి పెట్టే చోట, అంటే స్టీరింగు చక్రానికి, తాడుతో కడతారు. దానిని బిగించకుండా మరునాడు ఎవరూ పడవను దించరు.