గాలివానను కాగితం మీదకెక్కించడం

మొదటిది ముడిసరుకు: నేల. తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టూ పరుచుకున్న నల్లరేగడిని అక్కడ కరిసల్ అంటారు. మే ఎండలకు నెర్రెలు బారుతుంది, అక్టోబరు వానలకు కాలు దిగబడే బురదవుతుంది. ఆ నేల మీది ఇడైచెవల్ ఊళ్లో తెలుగు ఇంట పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ ముందు ఈ నేల మాటల్ని ఏరుకునేవారు. కరిసల్ పలుకుబడికి ఏకంగా ఒక నిఘంటువే కూర్చారాయన.

రెండోది కొలత. 'మహారణ్యం' అని రాస్తే ఏమీ కనిపించదు, పక్కన మనిషి ఉండాలి. 'గోపల్ల గ్రామం' (1976)లో తెలుగు కుటుంబాలు ప్రాణభయంతో దక్షిణానికి పారిపోతుంటాయి. వెనక తరిమే రాజు మనుషులు, ముందు ఏరు. ఒడ్డు చెట్టు వంగి వాళ్లను దాటిస్తుంది. రాజనారాయణన్‌ను భయం గొలిపే గోథిక్ కథల రచయిత అనలేం గానీ, ఈ పనితనం ఆ కథల్లోనూ ఉంది. మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టీన్' (1818)లో ఆల్ప్స్ మంచునదిపై కథానాయకుడు విక్టర్‌ను ఒంటరిగా నిలబెడుతుంది. మనిషి చిన్నవాడయ్యేకొద్దీ కొండ పెరుగుతుంది.

మూడోది దాచడం. అన్నిటికంటే కష్టమైన పని ఇదే. మసకగా ఉన్నదే ఎక్కువ భయపెడుతుందని తాత్వికుడు ఎడ్మండ్ బర్క్ 1757లోనే చెప్పాడు. గోథిక్ రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ ఇటలీ చూడకుండానే 'ఉడాల్ఫో' నవల (1794) రాసింది. అందులో కోట పొద్దుగూకే వేళ కనిపిస్తుంది. వెలుగు మెల్లగా గోడల పైకి పాకి ఆరిపోతుంది, ఆ తర్వాతే కోట నిజంగా పెద్దదవుతుంది.

ఇక చేత్తో పని. 'గాలివాన భయంకరంగా ఉంది' అనే వాక్యం తీసుకుందాం. మొదట 'భయంకరంగా' కొట్టేయాలి. తర్వాత వేళ, చోటు, చప్పుడు, ఈ వరసలో ఒక్కొక్కటే చేర్చాలి:

రెండో జాము. చెరువుగట్టు మీది తాటిచెట్లు కనిపించడం లేదు, మట్టలు ఒరుసుకునే గరగర మాత్రం వినిపిస్తోంది. మెరిసింది. గట్టు మీద లాంతరు పట్టుకుని ఒక మనిషి. చీకటి. మళ్లీ మెరిసింది. లాంతరు ఒక్కటే ఉంది.

ఏడు వాక్యాలు చాలు. మెరుపు వెలుగులో ఒక్క క్షణం చూపించి చీకట్లోకి లాగేయడం షెల్లీ కూడా చేసింది. జెనీవా గాలివానలో విక్టర్‌కు తాను సృష్టించిన ప్రాణి అలాగే కనబడుతుంది.

ఆఖరున వడపోత. రాసింది ఒక రాత్రి పక్కన పెట్టి, పొద్దున పైకి చదవాలి. భయాన్ని పేరు పెట్టి పిలిచిన ప్రతి మాటా తీసేయాలి. మనిషి ఏమయ్యాడో చెప్పాలనిపిస్తుంది, చెప్పకూడదు. ఈ పని నేర్చుకోదలచినవాళ్లు 'గోపల్ల గ్రామం'తోనే మొదలుపెట్టండి. దాని కొనసాగింపు 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది.