లెక్కలు యంత్రానికి ఎక్కించే ముందు

గ్రామ పాల సంఘాలలో రిజిస్టర్ల స్థానంలో కంప్యూటర్లు వస్తున్నవి. మంచిదే. అయితే పని మార్చే ముందు, ఏ అంకె ఎక్కడ పుట్టి, ఏ పుస్తకానికి పోతున్నదో ఒక కాగితం మీద వ్రాసుకొనవలెను.

ఉదాహరణకు సభ్యుని పాల కొలత, వెన్న శాతం సేకరణ రిజిస్టరులో పుడతాయి. అక్కడి నుండి పాసుపుస్తకానికి, పాల బిల్లుకు, సంవత్సరాంతపు బోనసు లెక్కకు పోతాయి. దాణా బాకీ వేరే పుస్తకం నుండి వచ్చి బిల్లులో కలుస్తుంది.

మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో ఈ దాణా పుస్తకాన్ని మరచినారు. మొదటి బిల్లులో బాకీ మినహాయించలేదు. తరువాతి బిల్లులో రెండు వాయిదాలు ఒకేసారి పట్టుకొనగా, సభ్యులు కార్యదర్శిని అనుమానించినారు. దోషం యంత్రానిది కాదు. ఆ దారి ఎవరూ వ్రాసిపెట్టలేదు.

ఈ క్రింది విషయాలు గమనించవలెను:

1. పాత రిజిస్టరు లీటర్లలో, యంత్రం కిలోలలో ఉండవచ్చును. 100 లీటర్ల పాలు సుమారు 103 కిలోలు. రెండింటినీ అట్లే కలిపితే బోనసు తప్పుతుంది.
2. సభ్యుల నంబర్లు మార్చరాదు.
3. ఒక బిల్లు కాలం రెండు పద్ధతులూ నడిపి, సరిపోయిన తరువాతనే పాతది ఆపవలెను. పాత రిజిస్టర్లను భద్రపరచవలెను.

సభ్యులారా, మొదటి బిల్లును మీ పాసుపుస్తకంతో మీరే సరిచూచుకొనండి.