బాత్‌రూమ్ మరమ్మతు: ఖర్చు లెక్క, చట్టపు రక్షణ

ఫ్లాట్‌లో బాత్‌రూమ్ బాగుచేయించే బడ్జెట్ వేసేముందు ఇల్లు స్వాధీనమైన తేదీ చూసుకోవాలి. రెరా చట్టం (2016) సెక్షన్ 14(3) ప్రకారం, స్వాధీనమైన 5 ఏళ్లలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం బయటపడి, దాన్ని బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో పైసా అడగకుండా సరిచేయాలి. గోడకు చెమ్మ, కింది ఫ్లాట్ సీలింగ్‌కు నీటి కారుడు ఆ గడువులో కనిపిస్తే ముందు ఫొటోలు, తర్వాత రాతపూర్వక నోటీసు. సొంత డబ్బుతో పగలగొట్టించాక తప్పు ఎవరిదో తేల్చడం కష్టం.

గడువు దాటిన ఇంట్లో కథ మేస్త్రీతో మొదలవుతుంది. ‘మొత్తం ఇంతవుతుంది సార్’ అనే నోటిమాట కూడా భారత కాంట్రాక్టు చట్టం (1872) కింద ఒప్పందమే కావచ్చు. కానీ రేపు రుజువు చేయాల్సింది ఇంటివారే. అందుకే కొటేషన్ విడివిడిగా ఉండాలి: పాత టైల్స్ కొట్టడం, చెత్త తరలింపు, పైపులు, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్ అతికింపు కూలి, ఫిట్టింగ్స్. పైపుల కంపెనీ, సైజు కూడా రాయించుకోవాలి. ‘మంచి రకం’ అన్న మాటకు కోర్టులో విలువ తక్కువ.

ఉదాహరణకు 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పున్న గదికి 7 అడుగుల ఎత్తు వరకు టైల్స్ వేస్తే గోడలు 182, నేల 40, కలిపి 222 చదరపు అడుగులు. తలుపు స్థలం తీసేసి, కటింగ్‌లో పోయేదానికి 10 శాతం కలిపితే సుమారు 225. ఈ లెక్క చేతిలో ఉంటే 300 అడుగులకు బిల్లు వచ్చినప్పుడు ఎక్కడ ఆగి అడగాలో తెలుస్తుంది. పాత టైల్స్ కొట్టాక లోపల కుళ్లిన పైపు బయటపడడం మామూలే. అలాంటి అదనపు పని రాతపూర్వక అంగీకారం లేకుండా మొదలుపెట్టకూడదని ముందే రాసుకోవాలి.

డబ్బు పని నడిచేకొద్దీ ఇవ్వాలి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక నేలమీద 24 గంటలు నీళ్లు నిలబెట్టి చూసి, కింద చెమ్మ లేదని తేలాకే ఆ విడత చెల్లించాలి. కొంత మొత్తం చివరి వరకు ఆపుకోవడం సబబు. ఆలస్యానికి రోజుకింత పరిహారమని రాసుకున్నా, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం కోర్టు ఆ మొత్తానికి మించకుండా సమంజసమైనంతే ఇప్పిస్తుంది.

షాపులో బిల్లు అడగడం హక్కు. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం (2019) కింద అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు లేకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడమూ అంతే. ఇక జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని కాంట్రాక్టరు పన్ను పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందో లేదో ముందు చూసుకోవాలి.

పని చెడితే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. గుత్తకు చేసే పని ‘సేవ’ కిందికి వస్తుంది. రోజుకూలికి పెట్టుకున్న మనిషి విషయంలో మాత్రం అది వ్యక్తిగత సేవా ఒప్పందమని, చట్టం వర్తించదని అవతలివారు వాదించవచ్చు. కాబట్టి పెద్ద పని గుత్తకు, రాతపూర్వకంగా ఇవ్వడమే మేలు. ఫిర్యాదు తాము నివసించే జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము రూ. 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పుకోవచ్చు. కానీ అక్కడ చెప్పినంత మాత్రాన కమిషన్ గడువు ఆగదు: వివాద కారణం తలెత్తిన 2 ఏళ్లలోపే ఫిర్యాదు దాఖలవ్వాలి.